సోఫా కడుగుతున్నరా? జర ఆగుండ్రి

[తెర మీద: క్రీమ్ రంగు సోఫా. నడుమ పళ్లెమంత గులాబీ మరక.]

నమస్తే. పోయిన బతుకమ్మకు రంగులద్దిన గునుగు పువ్వు సరిగ్గ ఆరకముందే కట్టలు తెచ్చి సోఫా మీద పెట్టిన. లేపి చూస్తే అరచెయ్యంత మరక. కంగారుల మగ్గుతోని సబ్బునీళ్లు పోసి బ్రష్ పట్టి రుద్దిన. అరచెయ్యంత ఉన్నది గింత పళ్లెమంత అయింది. నాలుగు రోజులకు ఇల్లంత మక్కిన వాసన. ఆ వాసన మరకది కాదు, లోపటి ఫోమ్‌ది.

[కవర్ జిప్ తీసి ఫోమ్ చూపించాలె.]

పైన గుడ్డ తొందరగనే ఆరుతది. కింద ఫోమ్ అంటే స్పంజే, తాగిన నీళ్లను ఇడువది. వానకాలంల అయితే బూజు పడుతది. అందుకే సోఫాకు మురికికంటె మనం పోసే నీళ్లతోనే ఎక్కువ నష్టం.

ముందుగాల దుమ్ము. వాక్యూమ్ ఉంటే మంచిదే. లేకపోతే పాత దుప్పటి తడిపి, చుక్క కారకుండ గట్టిగ పిండి, కుషన్ మీద పరిచి కట్టెతోని కొట్టుండ్రి. దుమ్ము గాలిల లేవకుండ దుప్పటికే అంటుకుంటది. మిర్చి సీజన్ల వరంగల్ ఎనుమాముల మిర్చి మార్కెట్ దిక్కు ఉండేటోళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకొనే ఈ పని చెయ్యుండ్రి.

[కుషన్ కింది లేబుల్ దగ్గరగ.]

కొన్న సోఫాకు లేబుల్ ఉంటే చూడుండ్రి. డబ్ల్యూ అని ఉంటే నీళ్లతోని తుడువొచ్చు. ఎస్ అంటే నీళ్లు తగలొద్దు, డ్రైక్లీనింగ్ మందే. డబ్ల్యూఎస్ అంటే రెండూ నడుస్తయి. ఎక్స్ అంటే వాక్యూమ్‌తోని దుమ్ము తీసుడు తప్ప ఇంకేం చెయ్యొద్దు. ఎస్, ఎక్స్ ఉంటే ముందు చెప్పిన తడి దుప్పటి గూడ వద్దు. మన దగ్గర కుట్టించిన సోఫాలకు చానా వరకు ఇది ఉండదు. అప్పుడు ఎనుక దిక్కు, కింద, కనవడని జాగల తడి తెల్లగుడ్డ ఒత్తి చూడుండ్రి. గుడ్డకు రంగు దిగితే అక్కడికే ఆపుండ్రి.

ఇగ మనిండ్లల్ల అసలు మరక పసుపు. పప్పు ఒలికినా, కూర ఒలికినా చివరికి మిగిలేది అదే. దీనికి బట్టల సబ్బు, సర్ఫు, వంటసోడా పెట్టంగనే ఎర్రబడుతది, చూసినోళ్లు భయపడుతరు. దిష్టి తీసేటప్పుడు పసుపునీళ్లల్ల సున్నం ఏస్తే ఎర్రనీళ్లు అయితయి కదా, గదే సంగతి. పసుపుల కుర్‌కుమిన్ అనే రంగు ఉంటది, క్షారం తగిలితే ఎర్రగ మారుతది. వంటసోడా ప్రతి మరకకు మందు అని చెప్పే వీడియోలు చూసి పసుపు మీద చల్లకుండ్రి.

[చేతులు మాత్రమే: చెంచా, తెల్లగుడ్డ, గ్లాసు.]

ఒలికింది చెంచాతోని ఎత్తుండ్రి. గ్లాసెడు చల్లనీళ్లల్ల గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు. గుడ్డ ముంచి, పిండి, మరక అంచు నుంచి నడుమకు ఒత్తుకుంట రాండ్రి. రుద్దొద్దు, రుద్దితే మరక పరుసుకుంటది. ఎనుకనే ఇంకో తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ. ఇంకా లేతపసుపు మిగిలితే ఎండ చూసుకుంటది, కుర్‌కుమిన్ ఎలుతురుకు నిలువది. అట్లని ముదురు రంగు గుడ్డను దినమంత ఎండల పెట్టకుండ్రి, దాని రంగు గూడ ఎలుస్తది.

పాలు, నెత్తురు పడితే చల్లనీళ్లే. ఏడినీళ్లు తగిలితే గుడ్డల్నే పట్టుకుంటయి.

తల ఆనే కాడ కొబ్బరినూనె జిడ్డుకు ముఖానికి పూసే పౌడర్ చల్లి రాత్రంత ఉంచుండ్రి, పొద్దున దులిపి లిక్విడ్ గుడ్డ ఒత్తుండ్రి. నేనైతే అక్కడ కొత్తవాడ జంపఖానా ఏసిన. 2018ల భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ నేత అది. నూలుది, తీసి విడిగ ఉతుక్కోవచ్చు.

రెగ్జిన్ సోఫా ఉన్నోళ్లు స్పిరిట్, నూనె పెట్టకుండ్రి. పిండిన గుడ్డ చాలు. పొట్టు లేవడం మొదలైతే ఏ పాలిషూ దాన్ని అతికించది, బట్ట మార్పించుడే.

[ఫ్యాన్ కింద నిలవెట్టిన కుషన్లు.]

తుడిచినంక కుషన్లు పండవెట్టొద్దు, అంచు మీద నిలవెట్టి ఫ్యాన్ ఎయ్యుండ్రి. పేపర్ పెట్టి గట్టిగ ఒత్తితే తడి అంటొద్దు. అప్పుడే కూసోండ్రి.

నా సోఫాకు ఫోమ్ మార్పియ్యక తప్పలే. కుట్టే అన్న పాత ఫోమ్ కోసి చూపిస్తే లోపల నల్లగ బూజు. గుడ్డ మాత్రం పాతదే, గులాబీ మరక జర కనవడుతనే ఉన్నది. ఈసారి గునుగు కట్టలు దండెం మీదనే ఆరుతున్నయి.

[దండెం మీద గునుగు కట్టలు. వీడియో అయిపోతది.]