కొత్త సీడ్ వదిలితే సరిపోతుందా? టైప్ 1 షుగర్, ఐలెట్ల మార్పిడి

టైప్ 1 పిల్లల అమ్మానాన్నలు అడిగే మాటే ఇది: "ఇన్సులిన్ చేసే కణాలేగా పోయింది? వేరేవాళ్లవి తెచ్చి పెడితే నయమైపోదా?" ఆ కణాలే బీటా కణాలు, పాంక్రియాస్‌లో అవి ఉండే చిన్న చిన్న గుంపులే ఐలెట్లు. అడగడంలో తప్పేం లేదు. ఆ ఆశ చూపించి డబ్బులు గుంజేవాళ్లంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

మన అల్లూరు, ఇస్కపల్లి వైపు రొయ్యల గుంటలు చూసినోళ్లకు ఇట్టే అర్థమవుతుంది. వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వచ్చి గుంటంతా పోయింది. అదే నీళ్లలో మళ్లీ సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, వదుల్తామా? వదిలితే అదీ పోతుంది. టైప్ 1లో బీటా కణాలను చంపింది మన ఇమ్యూనిటీలో భాగమైన టీ కణాలే. అవి ఇంకా ఒంట్లోనే తిరుగుతున్నాయి, పాత పగ మర్చిపోవు.

దీనికి నాకు బాగా నచ్చిన రుజువు అమెరికాలోని మిన్నెసోటాది. అచ్చంగా ఒకే పోలిక కవలల్లో, షుగర్ లేనివాళ్ల పాంక్రియాస్ ముక్క తీసి షుగర్ ఉన్నవాళ్లకు పెట్టారు. జన్యువులు ఒకటే కదా, ఒళ్లు దాన్ని పరాయిదనుకోదు. అందుకని ఇమ్యూనిటీ తగ్గించే మందులివ్వలేదు. అయినా ఇన్సులిన్ ఆగిపోయింది! చూస్తే పాంక్రియాస్ ముక్క బాగానే ఉంది, బీటా కణాలే లేవు. సొంత హేచరీ సీడ్ వేసినా గుంట వదల్లేదన్నమాట.

ఇక పరాయి మనిషి ఐలెట్లయితే దెబ్బ రెండింతలు: బీటా కణమన్న పాత పగ, పరాయిదన్న కొత్త పగ. పైగా వాటిని ఎక్కించేది లివర్‌కి రక్తం తెచ్చే పోర్టల్ సిర గుండా లివర్‌లోకి. రక్తం తగిలిన తొలి గంటల్లోనే చాలా చస్తాయి. అందుకే ఒక్కోసారి ఇద్దరు దాతలు కావాలి.

2000లో బయటికొచ్చిన ఫలితాల్లో, కెనడాలోని ఎడ్మంటన్‌లో డాక్టర్ షపీరో బృందం ఏడుగురికి చేస్తే ఏడుగురూ ఇన్సులిన్ మానేశారు. తర్వాత మరింతమందికి చేసి ఐదేళ్లకు చూస్తే, పూర్తిగా మానేసి ఉన్నవాళ్లు పదిలో ఒకరు. అయినా అది ఓటమి కాదంటాను, చాలామందిలో ఐలెట్లు కొంత పనిచేస్తూనే ఉన్నాయి. షుగర్ ఉన్నట్టుండి పడిపోయి స్పృహ తప్పేవాళ్లకు అది ప్రాణం నిలిపే సంగతి.

కానీ ఇమ్యూనిటీ తగ్గించే మందులు? గుంటకు బ్లీచింగ్ కొట్టడమే, మంచీ చెడూ రెండూ పోతాయి. ఇన్‌ఫెక్షన్లు, కిడ్నీకి దెబ్బ, అదీ ఐలెట్లు పనిచేసినన్నాళ్లూ. అందుకే పిల్లలకు వద్దంటారు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. ఐలెట్లను సన్నని పొరలో పెట్టడం, అంటే గుంటలో హాపా (సన్న వల సంచి) కట్టినట్టు: గ్లూకోజ్, ఇన్సులిన్ దాటతాయి, టీ కణాలు దాటలేవు. ఆక్సిజన్ అందక చావడమే చిక్కు. స్టెమ్‌సెల్ ఐలెట్లు, అంటే మూలకణాల నుంచి ల్యాబ్‌లో పెంచినవి: 2025 ఫలితాల్లో, పూర్తి డోసు తీసుకున్న 12 మందిలో 10 మందికి ఏడాది తర్వాత ఇన్సులిన్ అక్కర్లేదు, మందులు మాత్రం తప్పలేదు. ఇక సీడ్‌నే మార్చడం: స్వీడన్‌లో జన్యువులు సవరించిన దాత ఐలెట్లను ఒకరి ముంజేతి కండలో పెట్టారు. ఇమ్యూనిటీ తగ్గించే ఏ మందూ లేకుండా బతికాయి. డోసు తక్కువ, ఇన్సులిన్ ఇంకా వేసుకుంటున్నాడు. ఒక్క మనిషే, కానీ అన్నింటికన్నా నేను కాచుకుని చూస్తున్నది దాన్నే.