ముసలి నక్షత్రాల మసి

అందరికీ నమస్కారం. ఈ రోజు నక్షత్రాల వెలుగు గురించి కాదు, వాటి మసి గురించి మాట్లాడతాను. సూర్యుడి లాంటివి, సూర్యుడి కంటే కొన్ని రెట్లు బరువైనవి కూడా, ముసలితనం వచ్చేసరికి ఉబ్బిపోయి, ఎర్రబడి, కొన్ని వందల రోజులకోసారి పొంగుతూ కుంగుతూ తమ పై పొరలను అంతరిక్షంలోకి వదిలేస్తుంటాయి. ఆ వాయువు దూరంగా జరిగి, వెయ్యి, వెయ్యిన్నర డిగ్రీలకు చల్లారాక రేణువులుగా గట్టిపడుతుంది. మనం ధూళి అనేది దాన్నే.

ఏ ధూళి తయారవుతుందన్నది చాలావరకు ఒక్క లెక్క మీద ఉంటుంది: పై పొరల్లో కార్బన్ ఎక్కువా, ఆక్సిజన్ ఎక్కువా? ఈ రెండూ ఎదురుపడగానే కలిసిపోయి కార్బన్ మోనాక్సైడ్ అయిపోతాయి, ఆ బంధం చాలా గట్టిది, అంత తేలిగ్గా విడిపోదు. ఇక మిగిలింది ఏదైతే ధూళి దాని సొంతం. ఆక్సిజన్ మిగిలితే సిలికాన్, మెగ్నీషియం, ఇనుములతో కలిసి సిలికేట్, అంటే ఒకరకంగా రాతిపొడి. కార్బన్ మిగిలితే మసి, దాంతోపాటు సిలికాన్, కార్బన్ కలిసిన సిలికాన్ కార్బైడ్ కాస్త.

ఇదంతా ఊహ కాదు. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ దగ్గర పడిన ఉల్కలో సూర్యుడి కంటే ముందే పుట్టిన సిలికాన్ కార్బైడ్ రేణువులు దొరికాయి, వాటిలో చాలావరకు ఇలాంటి కార్బన్ నక్షత్రాల, అంటే కార్బన్ మిగిలిన నక్షత్రాల నుంచి వచ్చినవే.

మరి వీటిని చూడటానికి పక్క గెలాక్సీ దాకా ఎందుకు వెళ్లాలి? మన గెలాక్సీలో ఇలాంటి ధూళి కప్పుకున్న నక్షత్రం ఎంత దూరంలో ఉందో తేల్చడం కష్టం, దూరం తెలియకపోతే అది నిజంగా ఎంత వెలుగుతోందో, ఎంత ధూళి వదులుతోందో లెక్క కుదరదు. మన పక్కనే పెద్ద మెజెల్లాన్ మేఘం, చిన్న మెజెల్లాన్ మేఘం అని రెండు చిన్న గెలాక్సీలున్నాయి. పెద్ద మేఘంలో ఆ బాధ లేదు, అక్కడి నక్షత్రాలన్నీ దాదాపు ఒకే దూరంలో, సుమారు 1,60,000 కాంతి సంవత్సరాల అవతల ఉన్నాయి. చిన్న మేఘం ఇంకాస్త దూరం, దాదాపు 2,00,000.

2003లో ప్రయోగించిన స్పిట్జర్ టెలిస్కోపు పరారుణ కాంతిలో ఈ రెంటినీ చూసింది. ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత వెలుగు ఉందో చూపే గీతనే స్పెక్ట్రం అంటాం. దాని మీద 9.7 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర ఉబ్బు కనిపిస్తే అది సిలికేట్, 11.3 దగ్గర కనిపిస్తే సిలికాన్ కార్బైడ్. 7.5 దగ్గరా 13.7 దగ్గరా గీత కిందికి దిగితే అది కార్బన్, హైడ్రోజన్ కలిసిన అసిటిలీన్ వాయువు. మసికి మాత్రం ఇలాంటి గుర్తేమీ లేదు, గీతంతా నున్నగా సాగిపోతుంది, అందుకే దాని పరిమాణాన్ని మొత్తం వెలుగును బట్టి లెక్కగట్టాలి.

నాకు బాగా నచ్చే విషయం ఇక్కడే ఉంది. హైడ్రోజన్, హీలియం కంటే బరువైన మూలకాలు సూర్యుడిలో ఉన్నదాంట్లో పెద్ద మేఘంలో దాదాపు సగం, చిన్న మేఘంలో అయిదో వంతు. అంత పేద చోట ధూళి కూడా తక్కువే ఉండాలి కదా? సిలికాన్ కార్బైడ్ ఉబ్బు చిన్న మేఘంలో నిజంగానే బలహీనంగా ఉంది. కానీ అసిటిలీన్ మాత్రం పుష్కలంగా కనిపించింది! కారణం ఏమిటంటే, సిలికాన్ నక్షత్రానికి పుట్టుకతో వచ్చిన ఆస్తి, ఎంత వచ్చిందో అంతే. కార్బన్ అలా కాదు, నక్షత్రమే తన లోపల హీలియాన్ని మండించి తయారుచేసుకుని పైకి తోడుకుంటుంది. పైగా పుట్టుకతో వచ్చిన ఆక్సిజన్ కూడా తక్కువ కాబట్టి, కొంచెం కార్బన్ పైకి రాగానే లెక్క తిరగబడుతుంది. అందుకే అక్కడ కార్బన్ నక్షత్రాలు అంత సులువుగా తయారవుతాయి. సూర్యుడికి అయిదారు రెట్లు బరువున్న వాటి సంగతి వేరు, వాటి పై పొర అడుగు ఎంత వేడెక్కుతుందంటే కార్బన్ అక్కడే నైట్రోజన్‌గా మారిపోతుంది, అవి ఆక్సిజన్ వైపే ఉండిపోతాయి.

ఇప్పుడు తెర మీద రెండు స్పెక్ట్రాలు పెడుతున్నాను, పైది పెద్ద మేఘంలోని కార్బన్ నక్షత్రానిది, కిందిది చిన్న మేఘంలోని దానిది. ముందు 11.3 దగ్గర చూడండి, తర్వాత 13.7 దగ్గర. తేడా మీకే తెలుస్తుంది.