కవి తల తెరిచారు, తిక్క పోలేదు

(బరంపురం. మేడ మీద కుర్చీ, సాయంత్రం వెలుతురు.)

నమస్కారం. మా బరంపురంలో ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. మనిషి కాస్త తేడాగా కనిపిస్తే ఇంట్లో పిచ్చి అంటాం, బజార్లో పాగళ అంటారు. రాత్రిళ్లు ఇదే మేడ మీద పద్యాలు కట్టుకుంటూ తిరిగే మా మావయ్యకి రెండు భాషల్లోనూ ఆ బిరుదు ఉంది. మొన్న ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకునే ఈ సినిమా చూశాను.

'ఎ ఫైన్ మ్యాడ్‌నెస్', 1966. దర్శకుడు ఇర్విన్ కెర్ష్నర్. జేమ్స్ బాండ్‌గా మంచి ఊపు మీదున్న షాన్ కానరీ ఇందులో న్యూయార్క్‌లో తివాచీలు శుభ్రం చేసే కవి. పెద్ద కావ్యం మొదలుపెట్టాడు, కలం కదలదు. మాజీ భార్యకి భరణం బాకీ. కోపమొస్తే చెయ్యి లేస్తుంది. దాన్నీ నవ్వులాటగానే చూపించారు, నాకు మింగుడుపడలేదు. ఇప్పటి భార్య వెళ్లి సైకియాట్రిస్టుని పట్టుకుంటుంది. మనవాడు ఆ డాక్టరు భార్యతోనే సంబంధం పెట్టుకుంటాడు. డాక్టరుకి ఒళ్లు మండి, కవికి లోబాటమీ చెయ్యడానికి ఒప్పుకుంటాడు.

(తెర మీద మెదడు బొమ్మ. ముందు భాగం ఎర్రగా.)

లోబాటమీ అంటే మెదడు ముందు భాగాన్ని మిగతా మెదడుతో కలిపే నరాల దారుల్ని కోసెయ్యడం. పోర్చుగల్ డాక్టరు ఎగాస్ మోనిజ్ 1935లో మొదలుపెట్టాడు. 1949లో దీనికే నోబెల్ ఇచ్చారు! అమెరికాలో వాల్టర్ ఫ్రీమన్ 1946 నుంచి కనుగుంట పైనుంచి ఇనప సూదిలాంటిది దించి ఈ పని చేశాడు. అంతకుముందే, 1941లో, తర్వాత అమెరికా అధ్యక్షుడైన జాన్ కెన్నెడీ చెల్లెలు రోజ్‌మేరీకి ఆపరేషన్ చేయించారు. అప్పుడు ఆమెకి 23 ఏళ్లు. మాట, నడక దెబ్బతిని, మిగతా జీవితమంతా ఇతరుల సంరక్షణలోనే గడిపింది. 1950ల్లో మానసిక జబ్బులకి క్లోర్‌ప్రోమజిన్ అనే మందు వచ్చాక ఈ కోతలు తగ్గాయి.

సినిమాలో కవికి ఏమీ కాదు. అదే నోరు, అదే కోపం. నవ్వొస్తుంది, నేనూ నవ్వాను. ఆ నవ్వు కోసం సినిమా ఆడిన అబద్ధం మాత్రం చాలా పెద్దది.

మన దగ్గర 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, మానసిక జబ్బుకి ఇలాంటి ఆపరేషన్ చెయ్యాలంటే ఆ మనిషే తెలిసి ఒప్పుకోవాలి, పైగా ఆ చట్టం కింద ఏర్పడే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు అనుమతీ ఉండాలి. డాక్టరుకి ఒళ్లు మండితే సరిపోదు.

ఇదంతా మావయ్యకి చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "అది సరేరా, ఆ కావ్యం పూర్తయిందా?" అన్నారు.