బండి వెళ్లిపోయాక ఆ షెడ్డు సంగతేంటి?

అందరికీ నమస్కారం.

ఫైర్ ఇంజిన్ గంట వినిపిస్తే అందరం తల తిప్పి చూస్తాం. అది బయల్దేరిన స్టేషన్ వైపు మాత్రం ఎవరం చూడం. ఈరోజు నేను మాట్లాడబోయేది ఆ ఖాళీ షెడ్డు గురించి. ఒక ప్రాంతం మొత్తానికి అగ్నిమాపక సేవ నడపడమంటే, నా దృష్టిలో ముప్పాతిక వంతు ఆ ఖాళీని పూడ్చే పనే.

ముందు కంట్రోల్ రూముకు వెళ్దాం. ఫోన్ ఎత్తినవాళ్లు ముందుగా పట్టుకోవాల్సింది "ఎక్కడ" అన్న ముక్క. "ఏమైంది" అన్నది దాని తర్వాతే. కంగారులో ఉన్నవాళ్లకు ఇది మొరటుగా తోస్తుంది. కానీ మధ్యలో లైను తెగినా, చిరునామా దక్కితే బండి పంపొచ్చు. ఏం కాలుతోందో తెలిసి ఎక్కడో తెలియకపోతే చేయగలిగిందేమీ లేదు. ఇంటికి ఎన్ని బండ్లు, ఆసుపత్రికి ఎన్ని, రసాయనాల గోదాముకు ఎన్ని అన్నది ముందే రాసి ఉంటుంది. అర్ధరాత్రి ఒక మనిషి నిద్రకళ్లతో తేల్చాల్సిన విషయం కాదది.

ఇంత తొందర దేనికంటే, ఇళ్లలో సామాను మారిపోయింది. అమెరికాలో వస్తువుల భద్రతను పరీక్షించే అండర్‌రైటర్స్ లేబొరేటరీస్ అనే సంస్థ వాళ్లు పాతకాలపు సామానుతో ఒక గది, ఇప్పటి ఫోమూ ప్లాస్టిక్ సామానుతో మరో గది సర్ది నిప్పు పెట్టి చూశారు. ఇప్పటి గది నాలుగు నిమిషాల లోపే మొత్తంగా భగ్గుమంది. పాత గదికి దాదాపు అరగంట పట్టింది.

ఇక మనుషుల లెక్క. వారానికి 168 గంటలు. ఒకరు 42 గంటలు పనిచేస్తే, బండిలో ఒక్క సీటు ఎప్పుడూ నిండి ఉండటానికి నలుగురు కావాలి. సెలవులు, జబ్బులు, శిక్షణ కలుపుకుంటే అయిదుగురు. బండిలో అయిదుగురు కూర్చోవాలంటే జీతాల పట్టీలో పాతికమంది ఉండాలి. "పాతికమందిని పోషిస్తుంటే వచ్చింది అయిదుగురేనా?" అని బడ్జెట్ చూసేవాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు ఈ లెక్కలోనే ఉంది.

జనం పలచగా ఉన్నచోట ఈ ఖర్చు భరించలేక, వేరే పనులు చేసుకుంటూ పిలిస్తే వచ్చేవాళ్లతో స్టేషన్ నడుపుతారు. వాళ్లు స్టేషన్ చేరడానికి పట్టే నిమిషాలను మ్యాపు మీద ప్రయాణకాలానికి కలుపుకోవాలి. ఇందులో ఇంకో చిక్కుంది. పగటిపూట వాళ్లలో చాలామంది దూరంగా ఉద్యోగాల్లో ఉంటారు. అంటే రాత్రి ఉన్న స్టేషన్ పగలు ఉండదు! గోడమీది మ్యాపులో మాత్రం ఆ చుక్క ఇరవై నాలుగు గంటలూ ఎర్రగానే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. బండి ట్యాంకులో 1800 లీటర్ల నీళ్లున్నాయనుకోండి. గొట్టం నిమిషానికి 450 లీటర్లు వదిలితే నాలుగు నిమిషాల్లో ట్యాంకు వట్టిపోతుంది. అందుకే రెండో బండి, హైడ్రెంట్ అనే వీధి నీటి కుళాయి, ఆపైన మూడో బండి. మూడు స్టేషన్ల బండ్లు ఒకేచోట చేరితే మూడు షెడ్లు ఖాళీ. అప్పుడు కంట్రోల్ రూము దూరపు స్టేషన్ నుంచి ఒక బండిని రప్పించి మధ్యలో ఉన్న షెడ్డులో నిలబెడుతుంది. ఆ సిబ్బంది పరాయి స్టేషన్లో రాత్రంతా కూర్చుని, ఏ కాల్ రాకుండానే తెల్లారాక వెనక్కి వెళ్లొచ్చు. వాళ్లు వచ్చారన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు. ఈ శాఖలో నాకు అన్నిటికన్నా గౌరవం ఉన్న ఉద్యోగం అదే.

పక్కవాళ్ల బండి రావడమొక్కటే చాలదు. 1904 ఫిబ్రవరిలో అమెరికాలోని బాల్టిమోర్ నగరం తగలబడుతుంటే వాషింగ్టన్ నుంచి, ఫిలడెల్ఫియా నుంచి ఇంజిన్లు పరుగెత్తుకొచ్చాయి. తీరా చూస్తే వాళ్ల గొట్టాల కప్లింగులు, అంటే కొసన ఉండే బిగింపులు, అక్కడి హైడ్రెంట్లకు పట్టలేదు. 1500కు పైగా భవనాలు బూడిదయ్యాయి. కారణం అదొక్కటే కాదులెండి, గాలి కూడా పగబట్టింది. బ్రిటన్‌లో వెయ్యికి పైగా ఉన్న స్థానిక దళాలను 1941లో, రెండో ప్రపంచయుద్ధపు బాంబుల కాలంలో, ఒకే జాతీయ సేవగా కలిపారు. యుద్ధం ముగిశాక 1948లో మళ్లీ స్థానిక సంస్థలకు అప్పగించారు. స్కాట్లాండ్ 2013లో ఎనిమిది సేవలను ఒకటి చేసింది. కలిపితే అన్నీ చక్కబడతాయని నేను అనను. కప్లింగులు, వైర్‌లెస్ మాటలు, శిక్షణ అంతటా ఒక్కటే కావాలి. ఏ సందులో బండి తిరగదో, ఏ చెరువు ఎండాకాలంలో అడుగంటుతుందో ఆ స్టేషన్ వాళ్లకే తెలుస్తుంది. ప్రధాన కార్యాలయంలో కూర్చుంటే తెలిసే సంగతులు కావవి.

మంటల దగ్గర ఆజ్ఞ ఎవరిదన్నది మరో కథ. పై అధికారి వచ్చి నిలబడినంత మాత్రాన అధికారం చేతులు మారదు. "ఇక నేను చూసుకుంటాను" అని ఆయన నోరు తెరిచి చెప్పాలి. అంతవరకూ మొదట వచ్చినవాడిదే మాట. ఒక మనిషి నేరుగా అయిదారుగురిని మించి నడపలేడు కాబట్టి పెద్ద ప్రమాదాన్ని ముక్కలుగా పంచుతారు. గుమ్మం దగ్గర ఒకరు బోర్డు పట్టుకుని నిలబడతారు. గాలి సిలిండర్ తగిలించుకుని ఎవరు లోపలికి వెళ్లారు, ఎప్పుడు వెళ్లారు, ఎప్పటికల్లా బయటికి రావాలి, అన్నీ ఆ బోర్డు మీద ఉంటాయి. 1958లో లండన్ స్మిత్‌ఫీల్డ్ మార్కెట్ నేలమాళిగలో ఇద్దరు సిబ్బంది ప్రాణాలు కోల్పోయాక ఈ పద్ధతి గట్టిపడింది. బోర్డు పట్టుకున్న మనిషి మంట మీద చుక్క నీరు చల్లడు. అయినా ఆ చోటు ఖాళీగా ఉంటే ఎవరూ లోపలికి వెళ్లకూడదు.

మంట ఆరిపోయాక జనం ఇళ్లకు పోతారు. సిబ్బందికి ఇంకా పని మిగిలే ఉంటుంది. తడిసిన గొట్టాలు దింపి పొడివి ఎక్కించాలి, సిలిండర్లు మార్చాలి, ట్యాంకు నింపాలి, పొగపట్టిన బట్టలు విడిగా మూటగట్టాలి. అప్పుడు కంట్రోల్ రూముకు "మేం సిద్ధం" అని కబురు చెబుతారు. ఆ మాట అందాకే, అరువొచ్చి షెడ్డులో నిలబడ్డ బండి తన స్టేషన్‌కు బయల్దేరుతుంది.