పాత ఇంపల్స్‌కి ఇంట్లోనే కొత్త రంగు

[దృశ్యం: షెడ్డులో దుమ్ము పట్టిన బైక్. ట్యాంకు మూత అంచున వేలు రాస్తే ఎర్రటి తుప్పు పొడి అంటుకుంది]

ఇది హీరో ఇంపల్స్. 2011లో వచ్చింది, 149.2 సీసీ. మట్టి రోడ్లకీ గుట్టలకీ తగ్గట్టు ఎత్తుగా కట్టిన బండి. అప్పట్లో జనం పెద్దగా కొనలేదు, కంపెనీ ఆపేసింది. 2019లో అదే కంపెనీ నుంచి ఇదే తరహాలో ఎక్స్‌పల్స్ 200 వచ్చింది కానీ, నాకు మాత్రం దీని మీదే మనసు.

ఈరోజు ఇంజిన్ జోలికి వెళ్లం. పెయింటు పని ఒక్కటే. రంగు కొట్టడం ఒక పూట పని. దానికి ముందు కడుగుడు, రుద్దుడు పది రోజులు పడుతుంది. రంగు నిలుస్తుందా, ఊడుతుందా అన్నది ఆ పది రోజుల్లోనే తేలిపోతుంది.

[దృశ్యం: జిప్ కవర్లలో బోల్టులు, వాటి మీద మార్కర్‌తో రాసిన పేర్లు]

విప్పే ముందు ప్రతి చోటా ఫోన్‌తో ఫోటో తీసుకోండి. బిగుసుకుపోయిన బోల్టుని బలవంతంగా తిప్పకండి, తల ఊడుతుంది. రాత్రి డబ్ల్యూడీ-40 అనే, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి, పొద్దున తిప్పండి. గ్రీజు, మట్టి కిరోసిన్‌తో వదిలించి, తర్వాత సర్ఫ్ నీళ్లతో రెండుసార్లు కడగండి. జిడ్డు ఉండగానే రుద్దితే అది గీతల్లోకి దిగిపోతుంది.

ఫ్రేమ్‌కి ముందు వైర్ బ్రష్, తర్వాత 120 నంబర్ ఎమరీ పేపర్, ఆపైన 240. ఛాసిస్ నంబర్ ఉన్న చోట మాత్రం ముందే టేప్ వేయండి. ఆ అంకెలు అరిగితే ఆర్టీవో ఆఫీసులో చాలా ఇబ్బంది పడాలి. రంగు కూడా ఆర్సీలో రాసి ఉంటుంది. వేరే రంగు వేస్తే అక్కడ మార్పించుకోవాలి. అందుకే నేను పాత ఎరుపే వేస్తున్నాను.

[దృశ్యం: ట్యాంకులోకి టార్చి వేసి చూపించడం]

ట్యాంకు లోపల కూడా తుప్పే. పెట్రోల్ మొత్తం దింపి, మూత తీసి, గాలి తగిలే చోట రెండు రోజులు ఆరనివ్వండి. చుట్టుపక్కల నిప్పు ఉండకూడదు. తర్వాత కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు అర కిలో, పది లీటర్ల వేడినీళ్లలో కలిపి పోయండి. మర్నాటికి నీళ్లు టీ డికాక్షన్ రంగులోకి వస్తాయి. పారబోసి, వంట సోడా నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టండి. తడి ఉంటే గంటలోనే మళ్లీ తుప్పు లేస్తుంది. ఆరాక కొంచెం ఇంజిన్ ఆయిల్ పోసి లోపలంతా తిప్పండి.

[దృశ్యం: మడ్‌గార్డ్ వెనక్కి తిప్పి, అచ్చు అక్షరాల మీద క్లోజప్]

అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇది. ప్లాస్టిక్ వెనక చిన్న అక్షరాలు ఉంటాయి. ఏబీఎస్ అని ఉంటే అది ఒక రకం గట్టి ప్లాస్టిక్, రంగు బాగానే పడుతుంది. పీపీ అంటే పాలీప్రొపిలీన్. వంచితే వంగే మడ్‌గార్డ్‌లు ఎక్కువగా ఇదే. దాని మీద రంగు తామరాకు మీద నీళ్లే. నా మొదటి మడ్‌గార్డ్‌కి మామూలు ప్రైమర్, అంటే రంగు కింద వేసే పూత, వేశాను. నెల తిరగకుండానే ఉల్లిపొరలా లేచొచ్చింది, ఇదిగో ఆ ముక్క. పీపీకి రంగు అంటుకునేలా చేసే అడ్హెషన్ ప్రమోటర్ అని విడిగా దొరుకుతుంది. 400 నంబర్ వాటర్ పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆ ప్రమోటర్ కొట్టాకే రంగు. శానిటైజర్‌తో తుడవకండి, చాలావాటిలో గ్లిజరిన్ ఉంటుంది, జిడ్డు మిగులుతుంది.

[దృశ్యం: నేల మీద నీళ్లు చల్లడం, తీగకి వేలాడుతున్న సైడ్ ప్యానెళ్లు]

వాకిట్లో కళ్లాపి చల్లినట్టు నేల తడపండి, దుమ్ము లేవదు. వర్షాకాలం వద్దు, గాలిలో తేమకి రంగు తెల్లగా పాలిపోతుంది. మే నెల మిట్టమధ్యాహ్నమూ వద్దు. రంగు గాలిలోనే ఆరిపోయి గరుకుగా పడుతుంది. క్యాన్ జానెడు దూరంలో పట్టుకోండి. స్ప్రే రంగు వేసే ముక్క అంచుకి బయటే మొదలవ్వాలి, బయటే ఆగాలి. మొదటి కోటులో కింద ప్రైమర్ కనిపిస్తూనే ఉంటుంది. టెన్షన్ పడి అక్కడే ఇంకాస్త కొడితే రంగు కారుతుంది. పావుగంట ఆగి రెండోది, మళ్లీ ఆగి మూడోది.

ట్యాంకు క్లియర్ కోటు, అంటే రంగు మీద వేసే పారదర్శక పూత, మాత్రం స్ప్రే బూత్ ఉన్న పెయింటర్‌తో వేయించండి. మామూలు స్ప్రే క్యాన్ క్లియర్ మీద పెట్రోల్ చుక్క పడితే కరిగిపోతుంది. హార్డెనర్ కలిపే టూకే క్లియరే తట్టుకుంటుంది. ఆ హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, ఊపిరితిత్తులకి ప్రమాదం. గుడ్డ మాస్కు దాన్ని ఆపలేదు. ఇంట్లో పిల్లలుంటే అసలు ఆలోచించకండి.

[దృశ్యం: ఎర్రటి ట్యాంకు, బోల్టు కింద రబ్బరు వాషర్ పెడుతున్న చెయ్యి]

ఆరినట్టే కనిపిస్తుంది, కానీ లోపల మెత్తగా ఉంటుంది. వారం దాకా బిగించకండి. ట్యాంకు, ప్యానెళ్ల బోల్టుల కింద రబ్బరు వాషర్ పెట్టి చేత్తో తిప్పండి, స్పానర్ చివర్లోనే. మొన్న ఆదివారం ఈ ట్యాంకు ఎక్కించాను. పెట్రోల్ పోస్తుంటే ఒక చుక్క మూత పక్కన పడింది. గుడ్డతో తుడిచి చూశాను. మరక లేదు.