చేప కోసం కొండను కొన్నారు

అందరికీ నమస్కారం. పులస అనగానే కొన్ని ముఖాలు వెలిగాయి. గోదావరి జిల్లాల వాళ్లు దొరికిపోయారు! సముద్రంలో తిరిగే చేప గుడ్లు పెట్టడానికి ఎర్రనీటికి ఎదురీదుతూ వస్తుంది కదా. ఉత్తర కాలిఫోర్నియాలోని క్లామత్ నదిలో సాల్మన్‌దీ అదే దారి. కాన్పుకి పుట్టింటికి వచ్చినట్టు తను పుట్టిన నీళ్లకే వస్తుంది. పాపం, గుడ్లు పెట్టాక బతకదు.

చాలా చేపలు బయల్దేరేది అక్కడి ఎండాకాలం చివర్లో. అప్పుడు నదిలో నీళ్లు తక్కువ, పైగా వెచ్చన. 2002 సెప్టెంబరులో క్లామత్ దిగువన 30,000కు పైగా చేపలు రోగంతో చచ్చి తేలాయి.

అలాంటి రోజుల్లో వాటికి దిక్కు బ్లూ క్రీక్. సముద్రానికి సుమారు 16 మైళ్ల ఎగువన నదిలో కలిసే చల్లని వాగు. చేపలు అక్కడ ఆగి, ఒళ్లు చల్లబడ్డాక మళ్లీ ఈత మొదలుపెడతాయి. బాటసారికి చలివేంద్రం ఎలాగో, వాటికి ఆ వాగు అలాగ.

చలివేంద్రానికి పందిరి ఉండాలి. ఈ వాగుకి ఆ పందిరి కొండమీది అడవి. ఆ కొండలు దశాబ్దాలపాటు కలప కంపెనీల చేతిలో ఉన్నాయి. చెట్లు కొట్టి, లారీలకు మట్టిరోడ్లు వేస్తే వానకు ఆ మట్టంతా ఎక్కడికి పోతుంది? వాగులోకే. ఆడ సాల్మన్ పక్కకి ఒరిగి, తోకతో గులకరాళ్లను కొట్టి కొట్టి గుంట చేస్తుంది. గుడ్లు పెట్టి, మళ్లీ రాళ్లు కప్పుతుంది. రాళ్ల సందుల్లో నీరు పారితేనే గుడ్లకి ఊపిరి. ఆ సందులు బురదతో పూడుకుపోయాయా, ఇక అంతే.

అందుకే వెస్టర్న్ రివర్స్ కన్జర్వెన్సీ అనే సంస్థ, అక్కడి ఆదివాసులైన యూరోక్ తెగతో కలిసి, కొండల్నే కొనే పని పెట్టుకుంది. దఫదఫాలుగా సుమారు 47,000 ఎకరాలు. 2025లో చివరి ముక్క కూడా తెగ చేతికి వచ్చింది. అది వాళ్ల తాతముత్తాతల నేలే. దాన్ని తిరిగి డబ్బు పోసి కొనాల్సి రావడం తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది. సరే, అది వేరే ప్రసంగం.

నది ఎగువన నాలుగు ఆనకట్టల కూల్చివేత 2024లో పూర్తయింది. కొద్ది రోజులకే, వందేళ్లకు పైగా కనిపించని చోట, ఓరెగాన్‌లో, సాల్మన్ కనబడింది. మన పులసకి మాత్రం ఇప్పటికీ ధవళేశ్వరం ఆనకట్టే ఆఖరి స్టేషన్.

బ్లూ క్రీక్ కొండల్లో ఇప్పుడు పాత లారీ రోడ్లను తవ్వి వాలులో కలిపేసే పని ఉంది. వాగులోకి పెద్ద పెద్ద దుంగలు దింపే పనీ ఉంది. చూసినవాళ్లు వాగుకి అడ్డం వేస్తున్నారేమో అనుకుంటారు. ఆ దుంగల వెనక మడుగు కడుతుంది, చేపపిల్లలు అందులో దాక్కుంటాయి.