క్లిప్ ట్యూనర్‌తో గిటార్ శ్రుతి చేయడం

అందరికీ నమస్కారం. ట్యూనర్‌లో, అంటే తీగ స్వరం సరిపోయిందో లేదో చూపే చిన్న పరికరంలో, పచ్చ లైటు వెలిగింది, తీరా కార్డ్ (కలిపి మోగించే స్వరాలు) పట్టుకుంటే శ్రుతి కలవట్లేదు! కొత్తగా నేర్చుకునేవాళ్లు తరచూ చెప్పే మాట ఇది. చాలాసార్లు తేడా ట్యూనర్‌లో ఉండదు, తీగ మీటడంలో, పెగ్ (తీగ బిగించే మర) తిప్పడంలో ఉంటుంది.

ఇదిగో, ట్యూనర్‌ని హెడ్‌స్టాక్‌కి, అంటే పెగ్‌లు ఉండే గిటార్ తలకి, ఇలా తగిలించండి. ఇది చెక్కలోని కంపనాన్ని నేరుగా పట్టుకుంటుంది. వంటింట్లో కుక్కర్ విజిల్ వేసినా దీనికి పట్టదు. ఫోన్‌లో యాప్ వాడేవాళ్లు మాత్రం కాస్త నిశ్శబ్దంగా ఉన్నచోట కూర్చోండి.

స్క్రీన్ మీద 440 అని ఉందా? ‘ఏ’ స్వరానికి సెకనుకు 440 కంపనాలన్నది ఇప్పుడు ఎక్కువమంది వాడే ప్రమాణం. బ్యాగులో బటన్ నొక్కుకుపోయి అది 442 అయిందనుకోండి, ఒంటరిగా వాయిస్తే ఏమీ తెలియదు, పక్కన కీబోర్డ్ మొదలవగానే తెలుస్తుంది.

ఇప్పుడు అన్నిటికన్నా లావు తీగ, ఆరోది. అక్కణ్ణించి కిందికి వరసగా ‘ఈ’, ‘ఏ’, ‘డి’, ‘జి’, ‘బి’, మళ్లీ ‘ఈ’. మిగతా తీగల మీద అరచెయ్యి ఆనించి, ఈ ఒక్కదాన్నే బొటనవేలితో మెల్లగా మీటండి. స్క్రీన్ మీద ముల్లు ఎలా కదిలిందో చూశారా? ముందు కుడివైపుకి ఎగిరింది, తర్వాత వెనక్కి వచ్చింది. మీటిన క్షణంలో తీగ సాగి స్వరం కొంచెం పెరుగుతుంది. గట్టిగా మీటితే ఇంకా పెరుగుతుంది. ఆ ఎగురుడు చూసి పెగ్ తిప్పకండి, ముల్లు కుదురుకున్నాక చూడండి.

తిప్పేముందు తీగ వెంట చూపు పోనిచ్చి అది ఏ పెగ్‌కి చుట్టి ఉందో చూసుకోండి. ఒక తీగ మీటుతూ ఇంకోదాని పెగ్ బిగించి, అది ఠప్పున తెగాక బిక్కమొహం వేసేవాళ్లు బోలెడుమంది.

అసలు కిటుకు ఇక్కడుంది. స్వరం ఎక్కువైతే వదులు చేస్తూ వచ్చి మధ్యలో ఆపేయకండి. ఇంకా కిందికి దించి, మళ్లీ బిగిస్తూ పైకి రండి. పెగ్ గేరులో కాస్త లూజు ఉంటుంది, తీగేమో నట్ (మెడ పైచివర తీగలు ఆనే చిన్న పట్టీ) గాడిలో పట్టేస్తుంది. వదులు చేసి ఆపితే, రెండు కార్డ్‌లు వాయించేసరికి అది జారి స్వరం పడిపోతుంది.

ఆరూ అయ్యాయా? మళ్లీ మొదటికి రండి. తీగలన్నీ బిగిసేసరికి మెడ మీద లాగుడు మారి, ముందు చేసినవి కాస్త దిగి ఉంటాయి. ఒకటి రెండు సెంట్ల తేడాకి టెన్షన్ వద్దు. అర స్వరానికి 100 సెంట్లు, అందులో ఆ మాత్రం చెవికి దొరకదు.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకి మాత్రం ఒక మాట. జి తీగని షడ్జమం అనుకుంటే బి తీగ అంతర గాంధారం. తంబురాకి అలవాటుపడ్డ చెవికి ఈ గాంధారం సుమారు 14 సెంట్లు ఎక్కువగా పలుకుతుంది. చెవి అడిగింది కదా అని దించితే జి కార్డ్ హాయిగా ఉంటుంది, అదే తీగ ‘ఈ’ కార్డ్‌లో పంచమం అయ్యేసరికి అపశ్రుతి. కాబట్టి ‘బి’ని ట్యూనర్ చెప్పినచోటే ఉంచండి.

ఇక తెరిచిన (ఎక్కడా నొక్కని) తీగ సరిగ్గా ఉండి, పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు గీత) దగ్గర నొక్కితే ముల్లు పక్కకి పోతోందా? ముందు తీగ మార్చి చూడండి. అప్పటికీ అలాగే ఉంటే పెగ్‌లతో కుస్తీ పట్టకుండా గిటార్‌ని రిపేరు షాపుకి తీసుకెళ్లండి.